జీపార్టెడ్ లైవ్: మూడు ఆపరేటింగ్ సిస్టంలున్న ల్యాప్‌టాప్‌లో పార్టిషన్ల సర్దుబాటు

మా అన్నయ్య కూతురు అమీర్‌పేటలో డేటా సైన్స్ కోర్సు చేస్తోంది. ఆమె ల్యాప్‌టాప్‌లో 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉంది. విండోస్ 11 కొన్నప్పుడే వచ్చింది. కోర్సు కోసం ఉబుంటును, నేర్చుకోవాలన్న ఆసక్తితో డెబియన్‌ను (రెండూ లైనక్స్ రకాలే) ఆమే పక్కన ఎక్కించుకుంది. అప్పట్లో ఉబుంటుకు 40 జీబీ చాలుననుకుంది. డాకర్ ఇమేజ్‌లు (ఒక ప్రోగ్రాం నడవడానికి కావలసినవన్నీ కట్టిన మూటలు), పైథాన్ ప్యాకేజీలు, అభ్యాసానికి దించుకున్న డేటా కలిసి ఆరు నెలలు తిరక్కుండానే ఆ 40 జీబీని మింగేశాయి. "బాబాయ్, అప్‌డేట్ కూడా దిగడం లేదు. సీ డ్రైవ్‌లో మాత్రం 200 జీబీ ఊరికే పడి ఉంది. అందులోంచి ఓ వంద ఇటు ఇవ్వలేమా?" అని ఒక రాత్రి ఫోన్ చేసి అడిగింది.

అంతకు ముందే ఆమె సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఒక దుకాణానికి ల్యాప్‌టాప్ తీసుకువెళ్లింది. అక్కడివారు దాన్ని తెరిచి చూసి, "అట్ల మధ్యలో పెంచుడు కాదమ్మా, మూడూ తీసేసి మళ్లా మొదటి నుంచి ఎయ్యాలె, పదిహేను వందలైతది, డేటాకు గ్యారంటీ లేదు" అని చెప్పి పంపారట. ఈ సమీక్ష రాయడానికి ఆ మాటే కారణం. పార్టిషన్ల (డిస్క్‌ను విడగొట్టిన భాగాల) పరిమాణం మార్చాలంటే అన్నీ చెరిపి మళ్లీ మొదలుపెట్టాలన్నది నిజం కాదు. ఆ పనికి రెండు దశాబ్దాలుగా నమ్మదగిన సాధనం ఉంది, అది పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది. ఆ సంగతి తెలియక ఎంతమంది విద్యార్థులు తమ పనినంతా చెరిపించుకుంటున్నారో అని నాకు నిజంగా బాధ కలిగింది.

ఆ సాధనం పేరు జీపార్టెడ్. ఇది 2004లో తొలిసారి విడుదలైంది. జీపీఎల్ లైసెన్సు కింద లభించే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాబట్టి ఎవరైనా వాడుకోవచ్చు, పంచుకోవచ్చు. నేను వాడింది జీపార్టెడ్ లైవ్ అనే రూపాన్ని. డెబియన్ ఆధారంగా తయారైన ఒక చిన్న వ్యవస్థలో ఈ సాధనాన్ని అమర్చి పెడతారు. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, కంప్యూటర్‌ను ఆ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయాలి. ఉబుంటు లోపలే జీపార్టెడ్‌ను ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు కదా అని అడగవచ్చు. చేసుకోవచ్చు, కానీ తాను నడుస్తున్న రూట్ పార్టిషన్‌ను ఉబుంటు కుదించలేదు, జరపలేదు. కూర్చున్న కొమ్మను నరుక్కోకూడదు కనుక బయటి నుంచి రావలసిందే.

పని ఎందుకు అంత సున్నితమైనదో అర్థం కావాలంటే డిస్క్ మీద వరుసను చూడాలి. మొదట బూట్ ఫైళ్లుండే ఈఎఫ్‌ఐ పార్టిషన్, తర్వాత విండోస్ తన కోసం దాచుకునే 16 ఎంబీల ముక్క, ఆ తర్వాత దాదాపు 400 జీబీల సీ డ్రైవ్, దాన్ని ఆనుకుని 40 జీబీల ఉబుంటు, ఆ పక్కన 35 జీబీల డెబియన్, చిట్టచివర విండోస్ రికవరీ పార్టిషన్ ఉన్నాయి. మన ఊళ్లో ఒకే ఇంటిని మూడు పోర్షన్లుగా అద్దెకిచ్చినట్టే ఇదీ. పక్క పోర్షన్‌లోని గదిని కలుపుకోవాలంటే మధ్య గోడను జరిపితే చాలు, కానీ మధ్యలో ఇంకొకరి కాపురం ఉంటే వారినీ కదిలించక తప్పదు. మా అదృష్టం కొద్దీ సీ డ్రైవ్‌కూ ఉబుంటుకూ మధ్య ఎవరూ లేరు. అయితే ఉబుంటుకు స్థలం కుడివైపున కాక ఎడమవైపున వస్తుంది. అంటే పార్టిషన్ తోకను పొడిగించడం కాదు, తలను వెనక్కి జరపాలి, దానితోపాటు లోపలి డేటానంతా కొత్త చోటికి మార్చాలి. తేలిక పనికీ కష్టమైన పనికీ ఉన్న తేడా అంతా ఇక్కడే ఉంది.

విండోస్‌లో ఉన్న డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే ఇదంతా చేయలేమా అన్న ప్రశ్న సహజం. సగం పని దానితోనే చేయాలి, చేశాం కూడా. విస్టా కాలం నుంచి అది ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ వాడే ఫైల్ సిస్టం, అంటే ఫైళ్లను అమర్చే పద్ధతి) పార్టిషన్లను కుదించగలదు, కుడివైపున ఆనుకుని ఖాళీ ఉంటే పెంచగలదు. పార్టిషన్లను జరపడం దానికి చేతకాదు, లైనక్స్ ఫైల్ సిస్టంలు దానికి అర్థం కావు. సీ డ్రైవ్‌ను మాత్రం దానితోనే కుదించడం మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే ఎన్‌టీఎఫ్‌ఎస్ లోపలి సంగతులు విండోస్‌కు తెలిసినంతగా మరే సాధనానికీ తెలియవు. జీపార్టెడ్ కూడా ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను కుదించగలదు, కానీ తప్పనిసరైతేనే ఆ దారి పట్టాలి.

ఇక్కడ మొదటి అడ్డంకి వచ్చింది. సీ డ్రైవ్‌లో 200 జీబీకి పైగా ఖాళీ ఉన్నా, కుదించగలిగేది 17 జీబీ మాత్రమేనని విండోస్ చూపించింది. ఇది లోపం కాదు. పేజ్ ఫైల్ (మెమరీ చాలనప్పుడు వాడేది), హైబర్నేషన్ ఫైల్ (నిద్రపోయే ముందు స్థితిని దాచేది), రిస్టోర్ పాయింట్ల (పాత స్థితికి తిరిగి వెళ్లడానికి దాచేవాటి) వంటి కొన్ని ఫైళ్లను నడుస్తున్న విండోస్ తన చోటు నుంచి కదపదు. అలాంటి ఫైల్ ఒక్కటి డ్రైవ్ మధ్యలో ఉన్నా, దాన్ని దాటి గోడ లోపలికి జరగదు. ఏ ఫైల్ అడ్డుపడుతోందో ఈవెంట్ వ్యూయర్‌లో (విండోస్ తన పనులను నమోదు చేసే చోట) 259 అనే సంఖ్యతో నమోదవుతుంది. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి హైబర్నేషన్‌ను ఆపివేశాం. పేజ్ ఫైల్‌ను, సిస్టం ప్రొటెక్షన్‌ను (రిస్టోర్ పాయింట్లను తయారుచేసేదాన్ని) తాత్కాలికంగా తీసేసి రీస్టార్ట్ చేశాక, అదే కిటికీ 1,30,000 ఎంబీకి పైగా కుదించవచ్చని చూపింది. అందులో 102400 అని ఇచ్చాం. చాలామంది వంద జీబీ అనగానే 100000 అని ఇస్తారు, కానీ ఇక్కడ జీబీకి 1024 లెక్క కాబట్టి వంద కావాలంటే 102400 ఇవ్వాలి. పని ముగిశాక పేజ్ ఫైల్‌ను, సిస్టం ప్రొటెక్షన్‌ను మళ్లీ పెట్టుకోవడం మరచిపోకూడదు.

హైబర్నేషన్‌ను ఆపడానికి ఇంకో ముఖ్యమైన కారణం కూడా ఉంది. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే సదుపాయం ఉంది. అది ఉన్నంతవరకు మనం షట్‌డౌన్ చేశామనుకున్నా విండోస్ పూర్తిగా ఆగిపోదు, సగం నిద్రలో ఉండి తన డ్రైవ్‌ను తెరిచిన స్థితిలోనే వదిలేస్తుంది. ఆ స్థితిలో ఉన్న ఎన్‌టీఎఫ్‌ఎస్ పార్టిషన్‌ను జీపార్టెడ్ ముట్టుకోదు, పసుపు త్రికోణం చూపించి ఆగిపోతుంది. ఈ సాధనం మీద నాకు గౌరవం కలిగింది ఈ లక్షణం వల్లే. చేయకూడని చోట చేయనని చెబుతుంది, ఎందుకు చేయదో కారణం కూడా రాసి చూపిస్తుంది.

ఎన్‌క్రిప్షన్ (కీ లేకుండా చదవలేని విధంగా డేటాను మార్చడం) సంగతి అంతకంటే ముఖ్యం. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 నుంచి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో కొత్తగా అమర్చుకున్న కంప్యూటర్లలో మునుపటికంటే ఎక్కువ వాటిలో డివైస్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే మొదలవుతోంది. వాడేవారికి ఆ సంగతి తెలియకపోవచ్చు. ఎన్‌క్రిప్ట్ అయిన సీ డ్రైవ్‌ను విండోస్ తాను కుదించుకోగలదు, జీపార్టెడ్ మాత్రం కుదించలేదు. పైగా బూట్ వరుసను మార్చినా, సెక్యూర్ బూట్‌ను (నమ్మదగిన సిస్టంలనే లేవనిచ్చే కాపలాను) ఆపినా, మరుసటిసారి విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ దగ్గర లేకపోతే డేటా అక్కడే ఉన్నా దాన్ని తెరవడానికి దారి ఉండదు. మేము ఆ 48 అంకెలను ముందే కాగితం మీద రాసి, ఇద్దరం కలిసి ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నాం.

బ్యాకప్ గురించి ఎక్కువ చెప్పను. ఒక బయటి హార్డ్ డిస్క్‌లోకి క్లోన్‌జిల్లా అనే సాధనంతో డిస్క్ మొత్తాన్ని ఇమేజ్ (యథాతథ నకలు) తీసిపెట్టాం. అది లేకుండా పార్టిషన్ తలను జరిపే పనికి ఎవరూ పూనుకోకూడదు.

ఆదివారం మధ్యాహ్నం పని మొదలుపెట్టాం. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయ్యేటప్పుడు జీపార్టెడ్ లైవ్ కీబోర్డు, భాష, డిస్‌ప్లేల గురించి రెండు మూడు ప్రశ్నలు నల్ల తెర మీద అడుగుతుంది. అన్నింటికీ ఎంటర్ నొక్కితే సరిపోతుంది. ఆ తర్వాత తెరుచుకునే కిటికీ చాలా సాదాగా ఉంటుంది. పైన డిస్క్ మొత్తం ఒక పొడవాటి పట్టీలా కనిపిస్తుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు ఒక రంగు అంచు, లైనక్స్ వాడే ఈఎక్స్‌టీ4కు మరో రంగు అంచు ఉంటాయి, నిండిన మేర లేత పసుపు, ఖాళీ మేర తెలుపు, ఎవరికీ చెందని స్థలం బూడిద రంగు. సీ డ్రైవ్‌కూ ఉబుంటుకూ మధ్య మేము తీసిన వంద జీబీ బూడిద రంగు ముక్కగా కనిపించింది. ఉబుంటు పెట్టె అంచు నుంచి అంచు వరకు పసుపుతో నిండి ఉండటం చూసి మా పిల్ల, "ఇంత నిండిపోయిందా!" అని ఆశ్చర్యపోయింది.

ఉబుంటు పార్టిషన్ మీద రైట్ క్లిక్ చేసి రీసైజ్ ఎంచుకుంటే ఒక చిన్న కిటికీ వస్తుంది. అందులో మూడు గళ్లుంటాయి: పార్టిషన్‌కు ముందున్న ఖాళీ, దాని కొత్త పరిమాణం, వెనుక మిగిలే ఖాళీ. పట్టీ ఎడమ అంచున ఉన్న బాణాన్ని పట్టుకుని ఎడమకు లాగాలి. బాణాన్ని కాక పట్టీ నడుమను పట్టుకుని లాగితే పార్టిషన్ పెరగదు, ఉన్న 40 జీబీతోనే పక్కకు జరిగి ఖాళీని వెనుక వదిలేస్తుంది. తొలిసారి మా పిల్ల చేసింది అదే. అందుకే అప్లై జోలికి పోకముందే మూడు గళ్లనూ చదవాలి. ముందు సున్నా, పరిమాణం 143360, వెనుక సున్నా అని కనిపించాకే మేము ముందుకు వెళ్లాం. నూట నలభై జీబీని 1024తో గుణిస్తే వచ్చేది ఆ అంకె.

ఇంత చేసినా డిస్క్ మీద ఒక్క బిట్ కూడా మారి ఉండదు. జీపార్టెడ్ పద్ధతిలో నాకు అన్నిటికంటే నచ్చినది ఇదే. మనం చెప్పిన ప్రతి పనినీ కింద ఒక వరుసలో రాసి పెట్టుకుంటుంది. పచ్చని టిక్ గుర్తు నొక్కేదాకా దేన్నైనా అన్‌డూ చేయవచ్చు, వరుసనంతా చెరిపేసి లేచిపోవచ్చు. పార్టిషన్ మొదలును జరుపుతున్నప్పుడు, ఆపరేటింగ్ సిస్టం బూట్ కాకపోయే ప్రమాదం ఉందని ప్రత్యేకంగా ఒక హెచ్చరిక కూడా చూపిస్తుంది. టిక్ నొక్కాక మాత్రం వెనక్కి తిరిగే దారి లేదు. మధ్యలో రద్దు చేయడం అంటే కొత్త ప్రమాదాన్ని కొనితెచ్చుకోవడమే.

అందుకే కరెంటు సంగతి రాయక తప్పదు. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో సాయంత్రం గాలివాన వస్తే కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. ల్యాప్‌టాప్ బ్యాటరీ పూర్తిగా ఎక్కించి, ఛార్జర్ పెట్టి, మధ్యాహ్నం రెండు గంటలకే కూర్చున్నది అందుకే. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ లేకుండా టిక్ నొక్కకూడదు. డేటాను జరుపుతున్న నడుమ కరెంటు పోతే, పాత చోట సగం, కొత్త చోట సగం ఉన్న ఫైల్ సిస్టం మిగులుతుంది, దాన్ని మళ్లీ ఒక చోటికి చేర్చడం దాదాపు అసాధ్యం.

టిక్ నొక్కాక జీపార్టెడ్ ఏం చేసిందో వివరాల కిటికీలో ఒక్కొక్క అడుగుగా చూడవచ్చు. మొదట ఫైల్ సిస్టంను తప్పులేమైనా ఉన్నాయా అని సరిచూసింది, పార్టిషన్ హద్దును ఎడమకు విస్తరించింది, డేటాను జరిపింది, మరోసారి సరిచూసింది, చివరికి ఫైల్ సిస్టంను కొత్త హద్దుల దాకా పెంచింది. ఎస్‌ఎస్‌డీ కనుక ఇదంతా పదిహేను నిమిషాల్లో ముగిసింది. రీస్టార్ట్ చేయగానే, ఏ సిస్టంను లేపాలో అడిగే గ్రబ్ మెనూ ఎప్పటిలాగే వచ్చి, మూడు సిస్టంలూ లేచాయి. పరిమాణం మారినా, చోటు మారినా పార్టిషన్ యూయూఐడీ (దాని గుర్తింపు సంఖ్య) మారదు. యూఈఎఫ్‌ఐ (కొత్త తరహా బూట్ పద్ధతి) కంప్యూటర్లలో ఉబుంటు గ్రబ్ తన పార్టిషన్‌ను ఆ యూయూఐడీతోనే వెతుక్కుంటుంది కాబట్టి దానికి దారి తప్పలేదు.

పాత కంప్యూటర్లలో ఇంత సాఫీగా సాగదు. అదే ఉత్సాహంతో మా ఇంట్లోని పాత డెస్క్‌టాప్ మీద కూడా చేయి వేశాను. దానిలో ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో పార్టిషన్లు చేసిన 1 టీబీ హార్డ్ డిస్క్ ఉంది. ఎంబీఆర్‌లో ప్రధాన పార్టిషన్లు నాలుగుకు మించి ఉండవు, అంతకంటే కావాలంటే ఒకదాన్ని ఎక్స్‌టెండెడ్‌గా చేసి దాని లోపల చిన్నవి పెట్టుకోవాలి. లోపలిదాన్ని పెంచాలంటే ముందు బయటి పెట్టెను పెంచాలి. ఆ వరుస జీపార్టెడ్‌లో కనిపిస్తుంది కనుక అంతవరకు కష్టం కాలేదు. నేను చేసిన పొరపాటు వేరు. డెబియన్‌కు ముందున్న 4 జీబీ స్వాప్ పార్టిషన్‌ను (లైనక్స్ మెమరీ చాలనప్పుడు వాడే ముక్కను) తీసేసి, ఆ స్థలాన్ని డెబియన్‌కు కలిపాను. సాధారణ హార్డ్ డిస్క్ కావడం వల్ల జరపడానికే రెండు గంటలకు పైగా పట్టింది. ఎక్స్‌టెండెడ్ లోపల 5వ సంఖ్య ఉన్న ముక్క పోయేసరికి 6వ సంఖ్య ఉన్న డెబియన్ 5వది అయిపోయింది. పాత గ్రబ్‌కు మాత్రం 6 అనే చిరునామానే తెలుసు. రీస్టార్ట్ చేయగానే నల్ల తెర మీద గ్రబ్ రెస్క్యూ అనే మాట ఒక్కటే కనిపించింది.

డేటా ఏమీ పోలేదు. ఆ తెర మీదే ఏయే పార్టిషన్లున్నాయో అడిగి, కొత్త చిరునామా ఇచ్చి, నార్మల్ అనే మాడ్యూల్‌ను ఎక్కిస్తే డెబియన్ లేచింది. లోపలికి వెళ్లాక గ్రబ్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయడంతో అది శాశ్వతంగా సర్దుకుంది. తర్వాత బూట్ అయిన ప్రతిసారీ ఒకటిన్నర నిమిషం ఆగిపోవడం గమనించాను. లేని స్వాప్ పార్టిషన్ కోసం సిస్టం 90 సెకన్లు ఎదురుచూస్తోంది. ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లో (బూట్ అయ్యేటప్పుడు ఏ పార్టిషన్లు తెరవాలో రాసి ఉండే జాబితాలో) దాని వరుసను తీసేశాక ఆ ఆలస్యం పోయింది. ఈ రెండు సంగతులూ జీపార్టెడ్ చెప్పదు. దాని దృష్టి పార్టిషన్ల మీదే ఉంటుంది, వాటిని నమ్ముకున్న బూట్‌లోడర్, కాన్ఫిగరేషన్ ఫైళ్లు దాని పరిధిలోకి రావు. సాధనంలో నాకు కనిపించిన ప్రధానమైన లోటు ఇదే. సంఖ్య మారబోతోందని, గ్రబ్‌ను సరిచేసుకోవలసి రావచ్చని ఒక మాట ముందే చూపించి ఉంటే ఎంతో మేలు జరిగేది.

మరికొన్ని పరిమితులు కూడా తెలిసి ఉండాలి. ఈఎక్స్‌టీ4ను పెంచవచ్చు, కుదించవచ్చు, కానీ ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే మరో లైనక్స్ ఫైల్ సిస్టంను పెంచడమే తప్ప కుదించడం కుదరదు. కాబట్టి లైనక్స్ అమర్చుకునేటప్పుడే ఏ ఫైల్ సిస్టం ఎంచుకుంటున్నామో చూసుకోవాలి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎస్‌ఎస్‌డీలను నిర్వహించే ఇంటెల్ వీఎండీ అనే అమరిక ఆన్‌లో ఉండటం వల్ల లోపలి ఎస్‌ఎస్‌డీ లైవ్ వ్యవస్థలకు కనిపించకపోవచ్చు. అలాంటప్పుడు డిస్క్ పాడైందని కంగారుపడి ఇంకేదో నొక్కకూడదు. పని వివరాలను ఒక ఫైల్‌గా దాచుకునే వీలుంది, కానీ లైవ్ వ్యవస్థలో దాన్ని వేరే పెన్‌డ్రైవ్‌లోకి దాచుకోకపోతే షట్‌డౌన్‌తోనే పోతుంది. పొరపాటు జరిగినప్పుడు ఎదుటివారికి చూపించి సహాయం అడగడానికి అదే ఆధారం కనుక దీన్ని చిన్న విషయంగా తీసుకోకూడదు.

విండోస్ రికవరీ పార్టిషన్‌ను పనికిరాని ముక్క అనుకుని తీసేసేవారిని నేను చూశాను. అది సరికాదు. 2024 జనవరిలో వచ్చిన ఒక విండోస్ 10 భద్రతా అప్‌డేట్‌కు రికవరీ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ అవసరమైంది. అంత లేని కంప్యూటర్లలో అది 0x80070643 అనే తప్పు చూపించి ఆగిపోయింది. దాన్ని పెంచడానికి సీ డ్రైవ్‌ను కుదించవలసి వచ్చింది. ఉన్న ముక్కను కాపాడుకోవడమే మేలు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది, పాత కంప్యూటర్‌ను పారేయకుండా పక్కన లైనక్స్ పెట్టుకునేవారు మన ఊళ్లోనూ కనిపిస్తున్నారు. కాబట్టి ఈ సర్దుబాటు పని ఇంకా చాలామందికి ఎదురవుతుంది.

ఎవరు వాడవచ్చు అంటే, తన డిస్క్ మీద ఏ పార్టిషన్ ఏమిటో కాగితం మీద గీసి చెప్పగలిగినవారు ధైర్యంగా వాడవచ్చు. అది గీయలేనివారు ముందు గీయడం నేర్చుకుని తర్వాత పెన్‌డ్రైవ్ పట్టుకోవాలి. ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ను చూసి ఇదేమిటో అనుకుని తీసేసిన మరుక్షణం ఏ సిస్టమూ లేవదు. దుకాణాలవారికి కూడా నాదొక విన్నపం. ఫార్మాట్ కొట్టడానికి పట్టే సమయం కంటే ఈ పనికి ఎక్కువ సమయం పట్టదు. పదిహేను వందలు ఈ పనికే తీసుకుంటే విద్యార్థులు సంతోషంగా ఇస్తారు.

మా పిల్ల ఉబుంటులో ఇప్పుడు దాదాపు వంద జీబీ ఖాళీ ఉంది. తన తోటి విద్యార్థిని ల్యాప్‌టాప్‌లో కూడా ఇదే ఇబ్బంది ఉందని నిన్న ఫోన్ చేసింది. "ఈసారి నేనే చేస్తాను బాబాయ్, మీరు పక్కన కూర్చోండి చాలు" అంది. ఆ ల్యాప్‌టాప్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందట. శనివారం లోపు ఆ అమ్మాయి చేత 48 అంకెలూ కాగితం మీద రాయించమని చెప్పాను.